శాకాహారంతో రోజుకు సరిపడా ప్రొటీన్: పచ్చి తూకంతో మొదలుపెట్టండి

"రోజూ పప్పు తింటూనే ఉన్నాం కదా, ఇంకా ప్రొటీన్ తక్కువంటారేంటి?" తెలిసినవాళ్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. గుడ్డు ముట్టనివాళ్లు, పాలు పడనివాళ్లు, గోధుమ మానేసినవాళ్లు, హాస్టల్‌లో ఏది పెడితే అది తినేవాళ్లు, అందరిదీ ఇదే మాట. విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి చేసే వరసలోనే రాసేశాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముందు 8వ భాగం చదివి, ఆ తర్వాత పైకి రండి.

1. మీ అంకె రాసుకోండి

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల మగవారికి 54 గ్రాములు, 55 కిలోల ఆడవారికి 46 గ్రాములు.

ఇది మంచి నాణ్యత ఉన్న ప్రొటీన్ తినేవాళ్ల లెక్క. ఎక్కువ భాగం అన్నం, రొట్టెల మీదే బతికేవాళ్లు కిలోకు 1 గ్రాము పెట్టుకోవడం మేలు. పాలు, గుడ్డు రెండూ లేనివాళ్లకు నేనూ అదే చెబుతాను. గుణకారం కూడా అక్కర్లేదు: 60 కిలోలుంటే 60 గ్రాములు. బరువు బాగా ఎక్కువుంటే, మీ ఎత్తుకు ఉండాల్సిన బరువుతో లెక్క వేయండి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇంకా ఎక్కువ కావాలి. గర్భిణులకైతే నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ ఈ అంకెలే పట్టుకుని కూర్చోకుండా డాక్టరుతో మాట్లాడాలి.

2. ఒక్కరోజు మీ వంటింటిని తూకం వేయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే.

ఒక చిన్న డిజిటల్ త్రాసు కొనండి. అది లేకపోతే రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు చాలు. అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి, పప్పూ దగ్గరదగ్గర అంతే.

మొదటిసారి మా ఇంట్లో తూచిన రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ ఎప్పుడూ పోసే స్టీలు గ్లాసుతోనే కందిపప్పు పోయమన్నాను. త్రాసు మీద 120 గ్రాములు. అందులో ప్రొటీన్ 26 గ్రాములు. తినేది నలుగురం. అంటే మనిషికి ఆరున్నర గ్రాములు! "గిన్నె నిండా పప్పే కదే!" అంది అమ్మ. గిన్నె నిండుగానే ఉంది, అబద్ధం లేదు. కాకపోతే అందులో ముప్పాతిక భాగం నీళ్లు, టమాటాలు. పైగా అమ్మ వేసుకునేది పైపై తేట.

అందుకే ఈ వ్యాసంలో అంకెలన్నీ ఉడకబెట్టక ముందు, పచ్చి సరుకు తూకానివి. ఉడికిన పప్పును గరిటెలతో లెక్కపెడితే ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు వస్తుంది.

ఆ రోజు రాసుకోవాల్సినవి:
- ఎన్ని గ్రాముల బియ్యం, పిండి, పప్పు కుక్కర్‌లోకి వెళ్లాయి
- ఎంతమంది తిన్నారు, ఎంత మిగిలింది
- మధ్యలో తిన్న పల్లీలు, పుట్నాలు, పొడులు
- టీ ఎన్నిసార్లు, భోజనానికి ఎంత దగ్గరగా

100 గ్రాముల పచ్చి సరుకులో ప్రొటీన్ సుమారుగా ఇలా ఉంటుంది:
- మీల్‌మేకర్: 50 పైన (ప్యాకెట్ మీద చూసుకోండి)
- సోయా గింజలు: 36
- పెసరపప్పు, మసూర్ పప్పు, మినప్పప్పు, పల్లీలు: 23–24
- కందిపప్పు, శనగపప్పు, పుట్నాలు, బొబ్బర్లు, ఉలవలు: 21–22
- రాజ్మా: 20, శనగలు: 19
- గోధుమపిండి, జొన్నలు, సజ్జలు: 10–11
- బియ్యం: 8, రాగులు: 7
- సగ్గుబియ్యం: లేనట్టే

రాగిజావ తాగి ప్రొటీన్ అయిపోయిందనుకునేవాళ్లు ఆ చివరి నుంచి రెండో వరస మళ్లీ చూడండి. రాగుల గొప్ప కాల్షియంలో ఉంది, ప్రొటీన్‌లో కాదు.

3. సరుకులు తెచ్చుకోవడం

ఒకే పప్పు మీద ఆధారపడకండి. బియ్యం, జొన్న, గోధుమల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌కు ఇటుకలాంటిది) తక్కువ, పప్పుల్లో అది దండిగా ఉంటుంది. పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, ధాన్యాల్లోనూ నువ్వుల్లోనూ అది ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది. ఒకే ముద్దలో కలవాలనేం లేదు, ఆ రోజు మొత్తంలో రెండూ పడితే చాలు. పచ్చి తూకంలో మూడు పాళ్లు ధాన్యానికి కనీసం ఒక పాలు పప్పు. నలుగురి మాట అటుంచి, మీ ఒక్కరి కంచానికి ఈ నిష్పత్తి కుదురుతోందా చూసుకోండి. చాలా ఇళ్లలో కుదరదు.

నెలకు సరిపడా జాబితా:
- రెండు రకాల పప్పులు (కంది, పెసర లేదా మసూర్)
- రెండు రకాల గింజలు (బొబ్బర్లు, శనగలు, పెసర్లు, ఉలవల్లో ఏవైనా)
- పుట్నాలు, పల్లీలు, నువ్వులు
- మీల్‌మేకర్
- జొన్నపిండి

బేగంబజార్ లోనో మోండా మార్కెట్ లోనో టోకున దొరుకుతాయని ఆరునెలలవి తెచ్చి పెట్టకండి. పాతబడిన గింజలు ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటాయి, పైగా పురుగు. గింజ ముడతలు పడి, చిల్లులు కనిపిస్తే కొనొద్దు. రెండు నెలలకు మించి నిలవ వద్దు, డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు పడేయండి.

చలికాలంలో ఎర్రగడ్డ రైతుబజార్ వైపు వెళ్తే పచ్చి కందికాయలు, అనపకాయలు, పచ్చి బఠాణీలు దొరుకుతాయి. ఒలవడానికి ఓపికుంటే వాటికి మించిన సాయంత్రపు తిండి లేదు. కాకపోతే పచ్చిగింజల్లో నీళ్లు ఎక్కువ కాబట్టి ఎండు గింజల అంకెలు వాటికి వేయకండి. పచ్చి బఠాణీలో 100 గ్రాములకు 7 గ్రాములే.

4. నానబెట్టడం, ఉడికించడం

"తినాలనే ఉంది, గ్యాస్ పడుతోంది" అని మానేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. మన చిన్నపేగు వాటిని అరిగించలేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, ఆ వాయువే మన బాధ. ఆ చక్కెరలు నీళ్లలో కరుగుతాయి, అందుకే నానబెట్టిన నీళ్లు పారబోయాలి.

వరస ఇది:
1. రాత్రి పడుకునే ముందు గింజలకు మూడింతలు నీళ్లు పోయండి. బొబ్బర్లు, పెసర్లకు 6 గంటలు చాలు. శనగలు, రాజ్మాకు 8 నుంచి 12.
2. ఎండాకాలంలో అయితే ఫ్రిజ్‌లో పెట్టండి. మే నెలలో బయట ఉంచితే తెల్లారేసరికి నురగ, వాసన.
3. పొద్దున ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడగండి.
4. కొత్త నీళ్లతో కుక్కర్‌లో పెట్టండి. ఉప్పు వేసినా ఇబ్బంది లేదు, చింతపండు, టమాటా, గోంగూర మాత్రం మెత్తబడ్డాకే. పులుపు ముందే పడితే గింజ ఉడకదు.
5. చిటికెడు ఇంగువ, వాము తాలింపులో.

రాజ్మా సంగతి వేరే చెప్పాలి. పచ్చి రాజ్మాలో కడుపును తిప్పేసే లెక్టిన్ ఉంటుంది. తెర్లే నీళ్లలో కనీసం పది నిమిషాలు ఉడికితేనే అది పోతుంది. కుక్కర్‌లో మెత్తగా ఉడికితే భయం లేదు. సన్నసెగ మీద గంటలు పెట్టే ఎలక్ట్రిక్ పాత్రల్లో నేరుగా వేయకండి. సోయా గింజలు కూడా పచ్చివి తినకూడదు.

ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు ఉడకడం లేదా? పప్పుకంటే ముందు నీళ్లను అనుమానించండి. మన అపార్ట్‌మెంట్లలో వంటింటి పంపులో చాలాచోట్ల బోరు నీళ్లే, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజను బిగుసుకుపోయేలా చేస్తాయి. అదే పప్పును ఒకరోజు మంజీరా నీళ్లతోనో ఫిల్టర్ నీళ్లతోనో ఉడికించి చూడండి, తేడా గరిటెకే తెలుస్తుంది. సోడా ఉప్పు వేస్తే మెత్తబడుతుంది కానీ బి1 విటమిన్ పోతుంది, అలవాటు చేసుకోవద్దు.

అలవాటు లేనివాళ్లు మొదటి వారం 20 గ్రాముల గింజలతో మొదలుపెట్టి, వారానికి పది గ్రాములు పెంచుకుంటూ పోండి. అందులోనూ ముందు పెసరపప్పు, ఆ తర్వాత బొబ్బర్లు, చివరికి శనగలు.

5. రోజును నాలుగు చోట్ల పంచండి

మధ్యాహ్నం పప్పు ఒక్కదాని మీదే 60 గ్రాములు వేయాలంటే కుదరదు. నాలుగు పూటలకూ కొంచెం కొంచెం. 60 కిలోల మనిషికి, పాల చుక్క లేకుండా:

- పొద్దున: 50 గ్రాముల పెసర్లు నానబోసి రుబ్బిన పెసరట్టు (11), 15 గ్రాముల పుట్నాల చట్నీ (3)
- మధ్యాహ్నం: 100 గ్రాముల బియ్యంతో అన్నం (8), 40 గ్రాముల కందిపప్పు గట్టిగా (దాదాపు 9), కూర (2)
- నాలుగింటికి: 40 గ్రాముల బొబ్బర్ల గుడాలు, అంటే గుగ్గిళ్లు (8)
- రాత్రి: 80 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు (8), 20 గ్రాముల మీల్‌మేకర్ కూర (10)
- ఎక్కడైనా ఒక చెంచా పల్లీల పొడి (2)

కలిపితే 61. ఇందులో మన ఇళ్లకు కొత్త వంటకం ఒక్కటీ లేదు. మారింది తూకమే.

నాలుగింటి గుడాలే నా దృష్టిలో అసలు మలుపు. ఆ టైముకు ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అలవాటైన ఊరు మనది. చాయ్ మానమని నేను చెప్పను, చెప్పినా వినరు. గుడాలు ముందు తినండి, చాయ్ గంట ఆగి తాగండి. భోజనంతో పాటే చాయ్ తాగితే అందులోని టానిన్లు గింజల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. గుడాల మీద నిమ్మకాయ పిండితే ఆ ఇనుమే బాగా పడుతుంది.

ఇడ్లీ ఇల్లు అయితే? బియ్యం, మినప్పప్పు 4:1 నుంచి 2:1కి మార్చమని చాలామంది చెబుతారు. నేనూ లెక్క వేశాను: 100 గ్రాముల మొత్తానికి 11 నుంచి 13కి పెరుగుతుంది, అంతే. దానికోసం ఇడ్లీ తీరు మారడాన్ని భరించే బదులు కొబ్బరి చట్నీ స్థానంలో పల్లీల చట్నీ పెట్టి, సాంబారు చిక్కగా కాయండి.

అతిథులొచ్చిన రోజు కూడా దారి ఉంది. బగారా అన్నంలోకి మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ చేస్తాం కదా, ఆ గ్రేవీ అంతా పల్లీలు, నువ్వులే. పక్కన ఖట్టీ దాల్ కాస్త గట్టిగా ఉంటే ఆ పూట గడిచిపోయినట్టే.

6. మీల్‌మేకర్: వాసన పోయేలా

"స్పాంజి నమిలినట్టుంది" అనేవాళ్ల ఇంట్లో తప్పు ఒక్కటే, సరిగ్గా పిండరు.

నీళ్లు తెర్లించి, ఉప్పు వేసి, అందులో మీల్‌మేకర్ ఐదు నిమిషాలు ఉంచండి. వడకట్టి చన్నీళ్లలో వేయండి. ఇప్పుడు గుప్పెట్లో కొన్నికొన్ని తీసుకుని గట్టిగా పిండండి. మొదటిసారి వచ్చే నీళ్లు పసుపుగా, నురగగా ఉంటాయి, పచ్చి సోయా వాసన వాటిదే. మళ్లీ చన్నీళ్లలో ముంచి మళ్లీ పిండండి. నీళ్లు తేటగా వచ్చేవరకు, అంటే మూడుసార్లు. చివర అరచేతిలో ఒకటి నొక్కితే చుక్క కారకూడదు.

లోపల నీళ్లుంటే మసాలా పీల్చుకోదు, అదే చప్పదనానికి కారణం. పిండినవాటికి అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి పదిహేను నిమిషాలు ఉంచి, కొంచెం నూనెలో ఎర్రగా వేయించి అప్పుడు కూరలో కలపండి. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు అల్లం, సోంపు పొడి, ఇంగువతో ఇదే చేయొచ్చు.

రోజుకు 20, 25 గ్రాములు చాలు. ఒక్క సరుకుతోనే అంకె కొట్టేయాలని కిలోలు కిలోలు తినే ఉత్సాహం వద్దు.

7. పొరపాట్లు, దిద్దుబాట్లు

మొలకలు కడితే ప్రొటీన్ రెట్టింపవుతుందన్న మాట. అవదు. 50 గ్రాముల పెసర్లు మొలకెత్తినా అందులో ఉండేది ఆ 11 గ్రాముల చుట్టుపక్కలే, నీళ్లు తాగి గిన్నె నిండిందంతే. అరుగుదలకు మంచిదే, తినండి, లెక్క మాత్రం పచ్చి తూకంలోనే రాయండి.

పప్పుచారును పప్పు ఖాతాలో వేయడం. తేటతో కాచిన చారులో ప్రొటీన్ వెతక్కండి.

బాదం పాలు. పాలు పడవని అవి కొనేవాళ్లు డబ్బా వెనక చదవండి, చాలా రకాల్లో గ్లాసుకు ఒక గ్రాము అటూఇటూ. సోయా పాలలో 6 నుంచి 8 ఉంటుంది.

పల్లీలే ప్రొటీన్ అనుకుని గిన్నెడు తినడం. పిడికెడు, అంటే 30 గ్రాములకు 7 గ్రాముల ప్రొటీన్ నిజమే. దానితో పాటు 160, 170 కేలరీలు కూడా వస్తాయి. పిడికెడు దగ్గర ఆగండి.

పుట్టగొడుగులను మాంసంతో సమానం చేయడం. 100 గ్రాములకు మూడు నాలుగు గ్రాములే, రుచికి తినండి.

ప్రొటీన్ పౌడర్. అంకె తిండితో అందుతుంటే అక్కర్లేదు. తప్పదనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, చెంచాకు ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత చక్కెర, ఈ మూడూ చూసి కొనండి.

8. మీ ఆంక్షను బట్టి మార్పులు

పాలు, పెరుగు లేనివాళ్లకు: ఆఖరి ముద్ద పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టుండదు, నాకు తెలుసు, నాకూ పాలు పడవు. సోయా పాలను గోరువెచ్చగా చేసి, పాల పెరుగు వాడకుండా మిరపకాయ తొడిమలతో తోడు పెడితే పెరుగు కడుతుంది, రెండో విడతకు ఇంకా బాగా వస్తుంది. పాలు, గుడ్డు, మాంసం ఏవీ తిననివాళ్లకు బి12 మొక్కల నుంచి రాదు. డాక్టరుతో మాట్లాడి మాత్ర వేసుకోవాల్సిందే, ఇందులో బేరాల్లేవు.

గోధుమ పడనివాళ్లకు: చపాతీ మానేసినా ఇంగువ డబ్బా దగ్గర దొరికిపోతారు. కొట్లో దొరికే ఇంగువ పొడిలో తరచుగా మైదానో గోధుమపిండో కలుపుతారు, లేబుల్ చదవండి. జొన్నలు గిర్నీకి తీసుకెళ్తే, మీకంటే ముందు ఎవరైనా గోధుమలు ఆడించి ఉంటే ఆ పిండి మీ డబ్బాలోకే వస్తుంది. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్లు ఇంట్లో చిన్న మిక్సీ జారు జొన్నలకే కేటాయించుకోండి.

పల్లీలు పడనివాళ్లకు: చట్నీల్లో పుట్నాలు, నువ్వులు. అలర్జీ గట్టిగా ఉంటే బయట సాలన్ జోలికి వెళ్లొద్దు. సోయా కూడా పడదేమో డాక్టరును అడగండి.

ఉపవాసాల రోజు: ధాన్యం, పప్పు రెండూ మానేస్తే సగ్గుబియ్యం కిచిడీలో ఉండే ప్రొటీన్ అంతా పల్లీలదే. ఆ ఒక్కరోజు తగ్గినా కంగారేం లేదు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు: సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించవచ్చు. మాత్ర పొద్దున ఖాళీ కడుపుతో, మీల్‌మేకర్ రాత్రికి. అమ్మకు మేం చేసిన మార్పు ఇదే. ఎన్ని గంటల ఎడం కావాలో మీ డాక్టరు చెబుతారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు: పైన రాసిన అంకెలు మీవి కావు. ప్రొటీన్ ఎంత, పొటాషియం ఎంత అన్నది మీ రక్తపరీక్ష చూసి నెఫ్రాలజిస్టు, డైటీషియన్ నిర్ణయించాలి. పప్పు పెంచే ముందు వాళ్లను అడగండి.

9. వంటిల్లు లేనివాళ్లకు

అమీర్‌పేట, ఎస్‌ఆర్‌నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలు ఇది ఒక్కటే చదివినా చాలు. మెస్ పప్పులో ఎన్ని గ్రాములున్నాయో మెస్ వాళ్లకూ తెలీదు, దాన్ని సున్నాకు కాస్త పైన అనుకుని మొదలుపెట్టండి.

ట్రంకు పెట్టెలో ఉండాల్సినవి:
- కిలో పుట్నాలు
- వేయించిన పల్లీలు, చిన్న డబ్బా
- ఇంటి నుంచి కందిపొడి, నువ్వుల పొడి
- గట్టి మూత ఉన్న షేకర్ సీసా
- మూత బిగిసే ఒక స్టీలు డబ్బా

ఇంటికెళ్లినప్పుడు పుట్నాల్లో సగం మెత్తగా పొడి చేయించుకుని రండి. 30 గ్రాముల పొడి, చల్లటి నీళ్లు, ఉప్పు, నిమ్మకాయ, వేయించిన జీలకర్ర పొడి సీసాలో వేసి ఊపితే ఆరున్నర గ్రాములు, రెండు నిమిషాల పని. ముందు నీళ్లు, తర్వాత పొడి వేయండి. తిరగేస్తే అడుగున ముద్ద కడుతుంది, అది చెంచాతో గోకాల్సిందే.

స్టీలు డబ్బాలో రాత్రి 40 గ్రాముల పెసర్లు నానేసి పొద్దున నీళ్లు వంపి, ఉల్లిపాయ, నిమ్మకాయతో తినొచ్చు. ఇది పెసర్లకే. రాజ్మా, సోయా మాత్రం ఇలా వద్దు. వేడిమి ఎక్కువున్న రోజుల్లో నానబోసినవి జిగురుగా అనిపిస్తే ఆలోచించకుండా పారేయండి, నలభై గ్రాముల పెసర్లకోసం కడుపు పాడుచేసుకోవద్దు.